చలి ప్రదేశాలకు డ్రోన్ పట్టుకెళ్తున్నారా? బెంగళూరులో ఈ సర్వీసింగ్ షాపు గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గిన ఆ ఒక్క మార్కు అద్దె బ్యాటరీ దగ్గర పోయింది, దాని సంగతి కింద విడిగా రాస్తాను. మిగతా నాలుగూ ఎందుకంటే, ఈ షాపాయన నాకు అమ్మినవాటి కంటే "ఇది నీకు పనికిరాదు" అని చెప్పి పక్కన పెట్టించినవే ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల ఆ మాట వినడం ఎంత అరుదో అక్కడ ఒక్క కేబుల్ కొన్నవాళ్ళకైనా తెలుసు.

పని ఏంటంటే, డిసెంబర్‌లో నేనూ మా బావమరిదీ హిమాచల్‌లోని లాహౌల్ వెళ్దామనుకున్నాం. మనాలి దాటి, అటల్ టన్నెల్‌లో తొమ్మిది కిలోమీటర్లు పోయి బయటపడితే వచ్చే సిస్సు అనే ఊరు. నా దగ్గరున్నది డీజేఐ మావిక్ ఎయిర్ 2, 2020లో కొన్నది, రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉన్నది. ఇన్నాళ్ళూ చిక్‌మగళూరు కాఫీ తోటల మీదా, మా ఊరి చెరువు మీదా ఎగిరిందే తప్ప చలి ఎరగదు. బెంగళూరులో ఉండేవాళ్ళకి ఇక్కడే చలిగా ఉంటుంది కదా అని ఒక ధీమా ఉంటుంది గానీ, డిసెంబర్ పొద్దున్న మంకీ క్యాప్ పెట్టుకుని పాలప్యాకెట్‌కి వెళ్ళే చలి డ్రోన్‌కి ఒక లెక్కే కాదు. ఈ ఊళ్ళో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కాబట్టి బ్యాటరీలో ఏదైనా జబ్బు ఉంటే ఇక్కడ అది బయటపడదు, ఎక్కడో పదివేల అడుగుల ఎత్తులో, కింద నది ఉన్నప్పుడు బయటపడుతుంది. అందుకే వెళ్ళేముందు ఒకసారి చూపిద్దామని ఈ షాపుకి తీసుకెళ్ళాను.

షాపు రెండో అంతస్తులో ఉంది, మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. శనివారం వెళ్తే పెళ్ళి ఫోటోగ్రాఫర్లే ఉంటారు, ఒక్కొక్కరూ సూట్‌కేసంత డబ్బాతో వచ్చి "మొన్న రిసెప్షన్‌లో షామియానాకి తగిలిందన్నా" అని మొదలుపెడతారు, వాళ్ళ పని అర్జెంటు కాబట్టి మన టోకెన్ వెనక్కి పోతుంది. మంగళవారమో బుధవారమో వెళ్ళండి. ఓనర్‌ది హిందూపురం, కౌంటర్ దగ్గర కన్నడ, ఫోన్‌లో హిందీ, మనం తెలుగని తెలిస్తే మాత్రం నేరుగా ఊరి భాష. నేను లాహౌల్ అనగానే డ్రోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "అది పక్కన పెట్టు సామీ, బ్యాటరీలు తీ. సలిలో బ్యాటరీ పండుకుంటాది. లేపి ఎగరెయ్యల్ల, లేకుంటే అదీ పోతాది, ఇదీ పోతాది" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు జరిగిందంతా బ్యాటరీల గురించే, నా ఉద్దేశంలో అలా జరగడమే సరైనది.

లోపల ఒక గది ఉంది, నాలుగు వైపులా వల కట్టి, కింద రబ్బరు చాప పరిచి. అక్కడ ఒక కుర్రాడు డ్రోన్‌ని ఛాతీ ఎత్తులో నిలబెడతాడు, ఈయన పక్కన నిలబడి ఫోన్‌లో బ్యాటరీ పేజీ తెరిచి చూస్తుంటాడు. ఎయిర్ 2 బ్యాటరీలో మూడు సెల్స్ ఉంటాయి, ఒక్కోదాని వోల్టేజీ యాప్‌లో విడివిడిగా కనిపిస్తుంది. డ్రోన్ ఊరికే నిలబడి ఉన్నంతసేపూ నా మూడు బ్యాటరీలూ మంచివే. ఆయన "ఇప్పుడు పైకి గుంజు" అనగానే కుర్రాడు రిమోట్ మీది స్టిక్‌ని ఒక్కసారిగా పైకి తోసి, వల తగిలేలోపు వదిలేస్తాడు, మళ్ళీ తోస్తాడు. మొదటి రెండు బ్యాటరీల్లో మూడు సెల్సూ కలిసే దిగి, కలిసే లేచాయి. మూడోదాంట్లో మధ్య సెల్ మాత్రం 3.8 దగ్గర నుంచి గబుక్కున 3.5కి పడిపోయి, తోయడం ఆపాక కూడా మిగతావాటిని అందుకోవడానికి కాసేపు పట్టింది. శాతం చూస్తే అప్పటికి ఇంకా అరవై పైనే ఉంది. ఆయన జేబులోంచి మార్కర్ తీసి ఆ బ్యాటరీ మీద అడ్డంగా ఒక గీత గీసి, "ఇది ఊర్లో వాడుకో, కొండకు తీస్కపోవద్దు" అని నా చేతిలో పెట్టాడు. ఇది కంపెనీ తప్పేమీ కాదు, వయసు. కొన్నాళ్ళు దాన్ని ఫుల్ ఛార్జ్‌లోనే అల్మారాలో వదిలేశారా అని అడిగాడు, అలాంటివే ఇలా అవుతాయట.

దీని వెనక సంగతి ఇంటికొచ్చాక మాన్యువల్ తీసి చదివితే ఇంకా బాగా అర్థమైంది. ఎయిర్ 2 మైనస్ 10 నుంచి 40 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసి ఉంటుంది, చాలామంది ఆ ఒక్క లైను చదివి ధైర్యంగా వెళ్తారు. దాని కిందే మైనస్ 10 నుంచి 5 డిగ్రీల మధ్య బ్యాటరీ సామర్థ్యం బాగా తగ్గుతుందని, పైకి లేచాక కాసేపు ఒకేచోట నిలిపి వేడెక్కనివ్వాలని కూడా ఉంటుంది, అది ఎవరూ చదవరు. చలికి బ్యాటరీ లోపలి ద్రవం (ఎలక్ట్రోలైట్) చిక్కబడుతుంది, అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి నిరోధకత పెరుగుతుంది. ఛార్జ్ ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది, కాకపోతే మోటార్లు అడిగినంత వేగంగా ఇవ్వలేదు. గట్టిగా అడిగితే వోల్టేజీ కుంగుతుంది, అది చూసి డ్రోన్ బ్యాటరీ అయిపోవచ్చిందనుకుని మనం వద్దన్నా దిగడం మొదలుపెడుతుంది. 34 నిమిషాలు ఎగురుతుందన్న లెక్క గాలి లేని చోట, మామూలు వాతావరణంలో తీసింది. మంచులో దాన్ని మర్చిపోవడమే మంచిది. ఇంకో మాట, మీ దగ్గర డీజేఐ మినీ 2 ఉంటే అది అసలు సున్నా నుంచి 40 డిగ్రీలకే, మైనస్‌లో ఎగరేస్తే కంపెనీ చెప్పిన హద్దు దాటినట్టే. ఒకే కంపెనీ, ఒకే ఏడాది వచ్చిన రెండు డ్రోన్లకి హద్దులు వేరు, కాబట్టి మీ మోడల్‌ది మీరే చూసుకోండి.

బ్యాటరీ టెస్ట్, మోటార్ల శుభ్రం, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టుకునే భాగం) చెకప్, అన్నీ కలిపి 1,800 తీసుకున్నారు. మోటార్ల కోసం ఇంత ఇవ్వాలా అనిపించింది గానీ బ్యాటరీ టెస్ట్ ఒక్కదానికే ఇచ్చినా నాకు బాధ లేదు. ప్రొపెల్లర్లు కొత్తవి వేయించాడు, పాతవాటి అంచు గోటితో తడిమి చూపించాడు, కంటికి కనపడని చిన్న నొక్కు ఉంది. ప్లాస్టిక్ చలికి పెళుసుబారుతుంది, ఇక్కడ నొక్కుగా ఉన్నది అక్కడ పగులు కావచ్చు. బిల్లు మీద మాత్రం "సర్వీస్" అని ఒక్క ముక్క రాసిచ్చారు, ఏం చేశారో రాయమంటే రాయరు. ఇది నాకు నచ్చలేదు, అడిగి రాయించుకోండి.

ఇక అమ్మకానికి పెట్టిన సామాన్లు. చలి ట్రిప్ కిట్ అని ఒక గాజు అల్మారా నిండా ఉన్నాయి, నేను అన్నీ తీసుకుందామనే ఉత్సాహంలో ఉన్నాను. ల్యాండింగ్ ప్యాడ్ తీసుకోమన్నాడు, మడిచి బ్యాగులో పెట్టుకునే గుండ్రటిది, 700. ఇది మంచులో తప్పనిసరి, ఎందుకో కింద చెప్తాను. ప్రొపెల్లర్ల మీద మంచు పేరుకోకుండా కొట్టే స్ప్రే డబ్బా ఒకటి ఉంది, అది చేతిలోకి తీసుకోగానే "పెట్టెయ్ సామీ" అన్నాడు. రెక్క మీద మంచు కట్టేంత తేమ గాలిలో ఉంటే ఎగరెయ్యకుండా ఉండటమే మందు, స్ప్రే కొట్టి ఎగరేసేవాడు నాకు మళ్ళీ కస్టమర్‌గా వస్తాడు, రిపేర్‌కి, అని నవ్వాడు. మరి అల్మారాలో ఎందుకు పెట్టావన్నా అంటే, అడిగేవాళ్ళు ఉన్నారు కదా అన్నాడు. ఆ నిజాయితీకి ఏమనాలో తెలియలేదు. పవర్ బ్యాంక్‌తో వేడెక్కే బ్యాటరీ పౌచ్ రెండు వేలు చెప్పాడు, తీసుకోలేదు. వేడి ఎంత వస్తుందో చెప్పే మీటర్ కూడా దానికి లేదు, కోటు లోపలి జేబు అదే పని ఉచితంగా చేస్తుంది, చేసింది కూడా. వేళ్ళ చివర టచ్ పనిచేసే పలచటి గ్లౌజులు మాత్రం తీసుకున్నాను, స్టిక్‌లు పట్టుకోవడానికి బానే ఉన్నాయి, ఫోన్ స్క్రీన్ మీద సగం సార్లు పనిచేయవు. అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆయన కవర్‌లో ఊరికే వేసిచ్చిన రెండు పెద్ద జిప్ బ్యాగులు, నాలుగు సిలికా జెల్ పొట్లాలు.

ప్రయాణం సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. డ్రోన్ బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. ఎయిర్ 2 బ్యాటరీ 40 వాట్ అవర్లు, వంద లోపే కాబట్టి ఆ లెక్కన సమస్య లేదు. అయినా సెక్యూరిటీ వాళ్ళు తీసి చూస్తారు, వివరం అడుగుతారు, రిజిస్ట్రేషన్ కాగితం పైనే పెట్టుకోండి. ఇంకోటి, వారం ముందే అన్నీ ఫుల్ ఛార్జ్ చేసి పెట్టుకోకండి, ఈ బ్యాటరీలు కొన్నాళ్ళు వాడకపోతే తమంతట తామే కొంత ఛార్జ్ దింపేసుకుంటాయి. ఎగరేసే ముందు రాత్రి గదిలో పెట్టుకోండి. ఆ గది కూడా వెచ్చగా ఉండాలి, 5 డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ పెట్టొద్దని మాన్యువల్ చెబుతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం పూతలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. పొద్దున్న ఎగరేసి చల్లారిపోయిన బ్యాటరీని రాగానే ప్లగ్‌లో పెట్టేవాళ్ళని చూశాను, ఒక గంట ఓపిక పడితే ఏం పోతుందో.

సిస్సులో ఏమైందో చెప్తేనే ఈ షాపు సలహాలకి విలువ తెలుస్తుంది. ఊరు సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ పొద్దున్నే గాలి ఉండదు, చలి మాత్రం దారుణం. మధ్యాహ్నం ఎండ వస్తుంది, దాంతోపాటే లోయలో గాలి లేస్తుంది. ఫోటో కోసం పొద్దున్నే బాగుంటుంది, బ్యాటరీకి మధ్యాహ్నం బాగుంటుంది, డ్రోన్‌కి ఈ రెండింటి నడుమ ఓ రెండు గంటలు దొరుకుతాయి. మేం తొమ్మిది దాటాక, ఎండ కొండ దిగి ఊరి మీదికి వచ్చాక మొదలుపెట్టేవాళ్ళం. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది, రెక్కలు ఎక్కువ వేగంగా తిరగాలి, అంటే అసలే చలికి ముడుచుకున్న బ్యాటరీని ఇంకా ఎక్కువ అడగడమే. చల్లగాలి కాస్త చిక్కగా ఉంటుంది గానీ ఎత్తు వల్ల పోయినదాన్ని అది పూడ్చలేదు.

బ్యాటరీలు రెండూ స్వెట్టర్ కింద, ఒంటికి ఆనేలా పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. డ్రోన్ తెరిచి, ప్యాడ్ పరిచి, ప్రొపెల్లర్లు చూసుకుని, అన్నీ అయ్యాక చివర్లో బ్యాటరీ. ఆన్ చేయగానే యాప్‌లో ఉష్ణోగ్రత చూడటం, 20 పైన ఉంటేనే లేపడం. లేపాక తలకి కాస్త పైన ఒక నిమిషం ఊరికే నిలపడం. ఈ ఒక్క నిమిషం మా బావమరిదికి మహా కష్టంగా ఉండేది, "బావా, ఎండ పోతోంది, వాటర్‌ఫాల్ మీదికి పంపించు" అని గోల. ఆ నిమిషంలోనే బ్యాటరీ ఉష్ణోగ్రత మెల్లగా పైకి పాకడం స్క్రీన్ మీద చూడొచ్చు, వాడికి అది చూపిస్తే గానీ ఊరుకోలేదు. స్పోర్ట్ మోడ్ జోలికి పోలేదు, అందులో అడ్డంకుల సెన్సర్లు పనిచేయవు, పైగా బ్యాటరీని ఒక్కసారిగా పిండుతుంది. షాపాయన చెప్పిన ఇంకో సూత్రం, ఇక్కడ బ్యాటరీ ముప్పై శాతానికి తిప్పుకొచ్చేవాడివి అక్కడ యాభైకి తిప్పు, నలభైకి కాళ్ళ దగ్గర ఉండల్ల అని. ఎదురుగాలి పడితే వెళ్ళడానికి పట్టిన దానికంటే రావడానికి ఎక్కువ తింటుంది, లోయలో ఆ గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. యాభైకి తిప్పితే చాలాసార్లు నలభై మూడు, నలభై నాలుగుతో దిగింది. ఒకసారి ముప్పై అయిదుతో దిగింది, పోయేటప్పుడు గాలి లేదు మరి.

ల్యాండింగ్ ప్యాడ్ సంగతి. తాజా మంచు మీద డ్రోన్ లేపితే కింది గాలికి మంచుపొడి అంతా ఎగిరి కెమెరా మీదా మోటార్లలోనూ పడుతుంది, లోపల కరిగి తడవుతుంది. దానికంటే పెద్ద తలనొప్పి ఏంటంటే కింది సెన్సర్లు నేల మీద గుర్తులు చూసుకుని నిలబడతాయి, ఒకే తెలుపు పరుచుకున్నచోట వాటికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మంచు మైదానం మీద తక్కువ ఎత్తులో నా డ్రోన్ మెల్లగా పక్కకి జారడం చూశాను, ఆటో ల్యాండింగ్‌లో దిగాలా వద్దా అని ఊగింది. ఆరెంజ్ రంగు ప్యాడ్ మీదికి తెచ్చాక కుదురుకుంది. ప్యాడ్ అంచుల మీద రాళ్ళు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే డ్రోన్ గాలికి అదే లేచి రెక్కల్లోకి వస్తుంది. పైకి లేపే ముందు జీపీఎస్ శాటిలైట్లు సరిపడా పట్టి, హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) నమోదైందని చెప్పేదాకా ఆగడం ఎక్కడైనా చేయాల్సిందే, మంచులో ఇంకా తప్పనిసరి.

గింబల్ ఒక పొద్దున మొరాయించింది, మోటార్ ఓవర్‌లోడ్ అని యాప్ అరిచింది. చలికి బిగుసుకుపోతుందని షాపులోనే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు, ఆఫ్ చేసి, కాసేపు కోటు లోపల పెట్టుకుని మళ్ళీ ఆన్ చేస్తే మామూలైంది. డ్రోన్ కంటే ముందు నా ఫోన్ చచ్చిపోయింది, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు, షాపు వాళ్ళూ చెప్పలేదు. నలభై శాతం చూపిస్తున్న ఫోన్ రిమోట్‌కి బిగించిన కాసేపటికే ఆరిపోయింది, డ్రోన్ అప్పుడు కనుచూపులోనే ఉంది కాబట్టి రిటర్న్ బటన్ నొక్కి తెచ్చుకున్నాం. ఫోన్‌లో ఉన్నదీ లిథియం బ్యాటరీయే, దానికీ అదే చలి. ఫోన్ వెనక్కి ఒక పాత సాక్సు తొడిగితే సరిపోయింది, అందం లేదు గానీ పనిచేసింది.

హోమ్‌స్టేలో బుఖారీ, అంటే గదిని వేడి చేసే పొయ్యి, మండుతుంటుంది, గది వేడిగా ఉంటుంది. బయటి నుంచి డ్రోన్‌ని నేరుగా ఆ గదిలోకి తెస్తే లెన్స్ మీదా, లోపల బోర్డు మీదా నీటి చెమ్మ పడుతుంది. ఆ జిప్ బ్యాగులు ఇందుకే. బయటే బ్యాగులో పెట్టి, సిలికా పొట్లం వేసి, గాలి తీసి మూసేసి లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చాకే తెరవాలి. చెమ్మంతా బ్యాగు బయట పడుతుంది. తడుముకుంటే తెలిసిపోతుంది, బయటి కవర్ జారుతూ ఉంటుంది, లోపల పొడిగా. బ్యాటరీలు వెచ్చబెట్టడానికి ఆ బుఖారీ మీదో పక్కనో పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి వద్దు.

ఇప్పుడు అద్దె బ్యాటరీ. నాది ఒకటి ఊరికే పరిమితం అయిపోయింది కాబట్టి ఇంకోటి అద్దెకిచ్చాడు, రోజుకి 300, మూడు వేలు డిపాజిట్. నా బ్యాటరీలని వల కట్టిన ఆ నెట్ గదిలో అంత ముచ్చటగా పరీక్షించిన మనిషి, దీన్ని మాత్రం కౌంటర్ మీదే ఆన్ చేసి నాలుగు లైట్లు వెలిగాయి చూడు అన్నాడు. దీన్నీ లోపల ఎగరేసి చూద్దామన్నా అంటే, గది బిజీగా ఉంది, మంచిదే సామీ, నాదీ పూచీ అన్నాడు. నాకు అనుమానం పోలేదు, అందుకే సిస్సులో దాన్ని దగ్గర్లోనే, మా తలల మీద వీడియోల కోసం మాత్రమే పెట్టాను. వెచ్చగా పెట్టాను, నిమిషం నిలబెట్టాను, అన్నీ చేశాను. అయినా కాస్త ఎత్తుకి లేపగానే అరవై ఎనిమిది శాతం ఉన్నది చూస్తుండగానే ముప్పై ఒకటికి పడి, వోల్టేజీ తక్కువ అని హెచ్చరిక వచ్చి, డ్రోన్ దిగడం మొదలైంది. ప్యాడ్ మీద దింపాను. నదికి అవతల ఉండి ఉంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

తిరిగొచ్చాక స్క్రీన్ రికార్డింగ్ చూపించాను. కాదనలేదు, నెట్ గదిలో పెట్టి తోస్తే ఒక సెల్ కుంగడం ఆయనకీ కనిపించింది. "అద్దెకిచ్చే ప్రతిదాన్నీ ఇట్లా ఎగరేసి సూడల్లంటే యాపారం జరగదు సామీ" అన్నాడు, అద్దెలో సగం వెనక్కిచ్చాడు, డిపాజిట్ పూర్తిగా ఇచ్చాడు. మొత్తం ఇవ్వాల్సింది. టెస్ట్ చేసే వసతి పక్క గదిలోనే ఉన్నప్పుడు, పైగా కస్టమర్ మంచుకి వెళ్తున్నాడని తెలిసినప్పుడు, అద్దె బ్యాటరీకి అది చేయకపోవడానికి సాకు లేదు. బెంగళూరు ఎండలో నాలుగు లైట్లూ వెలగడం అంటే ఛార్జ్ ఉందని మాత్రమే, చలిలో అది ఇవ్వగలదని కాదు. మీరు అద్దెకు తీసుకుంటే, గది ఖాళీ అయ్యేదాకా కూర్చునైనా సరే, నెట్‌లో ఎగరేయించి, మూడు సెల్సూ కలిసి దిగుతున్నాయో లేదో మీ కళ్ళతో చూశాకే డబ్బివ్వండి. బ్యాటరీ కాస్తయినా ఉబ్బినట్టుంటే, అంటే డ్రోన్‌లోకి బిగుతుగా దిగుతుంటే, చూడటం కూడా అనవసరం, వదిలేయండి.

రూల్స్ విషయంలో ఈ షాపు నుంచి ఏమీ ఆశించకండి, అడిగితే "అదంతా మీరు సూస్కోండి" అంటారు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. ఎయిర్ 2 బరువు 570 గ్రాములు, కాబట్టి మైక్రో. సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కావాలి. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అయితే 400 అడుగుల వరకు, ఎయిర్‌పోర్ట్‌కి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. సిస్సులో హెలిప్యాడ్ ఉంది, మేం దానికి బాగా దూరంగా, మ్యాప్ చూసుకుని, హోమ్‌స్టే వాళ్ళని అడిగి ఎగరేశాం. హెలికాప్టర్ చప్పుడు వినపడితే ఏ షాట్ మధ్యలో ఉన్నా దింపేయాలి. ఇక సర్వీసింగ్ అయ్యాక బెంగళూరులోనే బయట ఒకసారి ఎగరేసి చూద్దామంటే హెచ్ఏఎల్, యలహంక, జక్కూరు, దేవనహళ్ళి, ఇన్ని రన్‌వేల మధ్య ఊళ్ళో చాలాచోట్ల మ్యాప్‌లో ఎరుపో పసుపో, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటే వస్తుంది. మేడ మీద ఎగరేసే ఆలోచన మానుకుని, మ్యాప్‌లో గ్రీన్ చూసుకుని ఊరి బయటికి వెళ్ళండి.

లాహౌల్ కాదు, మేం లంబసింగికే కదా వెళ్తోంది అనుకునేవాళ్ళకి ఇంకో ముక్క. అక్కడ చలి తక్కువే కావచ్చు, పొగమంచు మాత్రం నిండా తడి. లాహౌల్‌లో మాకు దొరికింది పొడి చలి, బ్యాటరీ ఒక్కటి జాగ్రత్తగా చూసుకుంటే గడిచిపోయింది. పొగమంచులో డ్రోన్ కంటికి కనపడదు, సెన్సర్ల మీద నీటి పొర పడుతుంది, డ్రోన్‌కి వాన తట్టుకునే రక్షణ ఏమీ లేదు. ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరపడితే ఆ తేమే రెక్కల మీద మంచుగా కడుతుంది, కట్టాక డ్రోన్ లేవదు, వణుకుతుంది. మేఘం మీంచి సూర్యోదయం షాట్ అందరికీ కావాలి, నాకూ కావాలి, అది మేఘం మన కాళ్ళ కింద ఉన్నప్పుడు తీసేది. మేఘంలోంచి పైకి దూసుకెళ్ళి తీసేది కాదు.

మళ్ళీ ఈ షాపుకే వెళ్తాను. బ్యాటరీల కోసం వెళ్తాను, బిల్లు రాయించుకుంటాను, అద్దెకి మాత్రం ఏమీ తీసుకోను. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇవ్వరు, పదిన్నరకి తెరుస్తారు, ఆదివారం మూత. యూపీఐ తీసుకుంటారు, డిపాజిట్ మాత్రం క్యాష్. పార్కింగ్ గురించి ఆలోచన పెట్టుకోకండి, చిక్‌పేట మెట్రోలో దిగి నడవండి, డ్రోన్ బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకుని.